ఉత్తరాల డబ్బా కొనే ముందు టేపు తీసుకుని గేటు దగ్గరికి వెళ్లండి

ప్రశ్న: మేం సొంత ఇంట్లోకి వచ్చి ఏడాది కావస్తోంది. గేటుకు పాత రేకు డబ్బా ఒకటి ఉంది. మొన్న వానకు అందులో బ్యాంకు కవరు తడిసి ముద్దయింది. అంతకుముందు ఒక పెద్ద కవరును మడిచి కుక్కితే లోపలున్న సర్టిఫికెట్ నలిగిపోయింది. కొత్తది కొందామంటే ఇంట్లో తలో మాట. మావారు తాళం ఉన్న స్టీలుది కావాలంటారు. మా అమ్మాయి చెక్కదైతే అందంగా ఉంటుందంటుంది. మామగారు ‘తలుపుకే ఒక సందు కొట్టిస్తే పోలా’ అంటారు. నాకేమో పార్సిళ్లు కూడా పట్టేది ఉంటే బాగుండుననిపిస్తోంది. ఆన్‌లైన్‌లో వెతికితే లెక్కలేనన్ని రకాలు, చూసేకొద్దీ టెన్షన్. మాకు ఏది సరిపోతుందో చెప్పగలరా?
- ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంట్లో తలో మాట అని మీరు విసుక్కున్నారు గానీ, నాకు నలుగురి మాటలోనూ న్యాయం కనిపించింది. మీవారికి దొంగల భయం. మీ అమ్మాయికి ఇంటి ముందు వికారంగా ఏదీ వేలాడకూడదు. మామగారికి వానలో గేటు దాకా నడవడం ఇష్టం లేదు. మీకు, ఎవరూ ఇంట్లో లేనప్పుడు వచ్చే పార్సిళ్ల బెంగ. అయితే ఆ డబ్బాతో రోజూ పనిపడే ఐదో మనిషి ఒకరున్నారు, ఆయన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పోస్ట్‌మ్యాన్. చేతిలో కట్ట, భుజాన సంచి, ఎండో వానో, ఒంటిచేత్తో చప్పున వేసేసి పక్కింటికి పోవాలి. అది సాఫీగా సాగకపోతే కవరు మడత పడుతుంది, లేదా సగం బయటికి వేలాడుతుంది, లేదా గేటు సందులోంచి నేల మీదికి వచ్చి పడుతుంది. మీ సర్టిఫికెట్ నలగడంలో ఆయన తప్పు పెద్దగా లేదనే నా అనుమానం. డబ్బా నోరు చిన్నదై ఉంటుంది.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఒకప్పుడు చూడగానే ముచ్చటపడి ఒక చెక్క డబ్బా కొన్నాను. ముందు నగిషీ, ఇత్తడి పిడి, చిన్న గాజు కిటికీ. నోరు మాత్రం జానెడు కూడా లేదు. నెల తిరక్కుండానే ఒక పెద్ద కవరు సగం లోపల, సగం బయట ఇరుక్కుపోయింది, ఆ బయటి సగం వానపాలైంది. అప్పటినుంచి టేపు లేకుండా ఏ డబ్బానీ నమ్మలేదు. మీరూ రంగు, ఆకారం, కంపెనీ పేరు కాసేపు పక్కన పెట్టి నోటితో మొదలుపెట్టండి.

ఏ4 కాగితం 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దాన్ని మడవకుండా పెట్టే కవరుకు సీ4 అని పేరు, కొలత 22.9 × 32.4 సెంటీమీటర్లు. సర్టిఫికెట్లు, దస్తావేజులు, ఆసుపత్రి రిపోర్టులు, పత్రికలు ఎక్కువగా ఈ సైజులోనే వస్తాయి. యూరప్‌లో ఇంటి ఉత్తరాల డబ్బాలకు ఈఎన్ 13724 అనే ప్రమాణం ఒకటుంది. అందులో నోటి వెడల్పు 23 నుంచి 28 సెంటీమీటర్లన్నా ఉండాలి, లేదా 32.5 నుంచి 40 సెంటీమీటర్లన్నా ఉండాలి. మధ్యలో కొలతలు లేవు. ఎందుకంటే 23 అనేది సీ4 కవరు అడ్డం, 32.5 దాని నిలువు. ఒకదాంట్లో కవరు పొడవుగా దూరుతుంది, ఇంకోదాంట్లో అడ్డంగా దూరుతుంది. నోటి ఎత్తు మాత్రం రెండింటికీ 3 నుంచి 3.5 సెంటీమీటర్లే. అంతకన్నా పెద్దదైతే కవరుతో పాటు చెయ్యి కూడా దూరుతుంది, వాన కూడా దూరుతుంది. మీరు ఎక్కడ కొన్నా సరే ఈ కొలతలు గుర్తుంచుకుంటే సగం డబ్బాలు వాటంతటవే పక్కకు పోతాయి.

నోరు సరిపోగానే సంబరపడకండి, లోపల కవరు ఎలా పడుతుందో కూడా చూడాలి. డబ్బా వెనక్కి పది సెంటీమీటర్లే లోతుండి, నోరు ముందు వైపున ఉందనుకోండి. కవరు లోపలికి వెళ్లగానే వెనక రేకుకు తగిలి, కిందికి వంగితేనే దిగుతుంది. అట్ట పెట్టిన కవరైతే వంగదు, ఇరుక్కుంటుంది. అందుకే లోతు తక్కువున్న డబ్బాకు నోరు పైభాగాన ఉండి, మీద మూత ఉండాలి. అప్పుడు కవరు నిలువుగా జారుతుంది. లోతు బాగా ఉన్నదానికి నోరు ముందున్నా ఇబ్బంది లేదు. ప్రకటనల్లో ఇచ్చే కొలతలు చాలాసార్లు బయటి కొలతలు, లోపలి చోటు అంతకన్నా తక్కువే. దుకాణానికి వెళ్తే ఒక సీ4 కవరులో అట్టముక్క పెట్టి వెంట తీసుకెళ్లండి. వేసి చూడండి, మళ్లీ తీసి చూడండి. దుకాణంవాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి. ఆన్‌లైన్‌లో కొనేటట్లయితే నోటి కొలత విడిగా ఇవ్వని డబ్బా జోలికి వెళ్లొద్దు.

ఇక ఎక్కడ పెట్టాలి అన్నది. నా లెక్కలో ఏ డబ్బా కొనాలో తేల్చేది ఇదే. ఇందాక చెప్పిన యూరప్ ప్రమాణంలోనే నోరు నేల నుంచి 70 సెంటీమీటర్లకు తగ్గకుండా, 170 సెంటీమీటర్లు దాటకుండా ఉండాలని ఉంది. 70కి తక్కువైతే ఉత్తరాలు పంచే మనిషి రోజుకు కొన్ని వందలసార్లు నడుం వంచాలి. 170 దాటితే పొట్టివాళ్లకు అందదు. అమెరికాలో రోడ్డు పక్కన స్తంభానికి పెట్టే డబ్బాలకు వేరే లెక్క. రోడ్డు మట్టం నుంచి డబ్బా అడుగు భాగం 41 నుంచి 45 అంగుళాల ఎత్తులో, రోడ్డు అంచు నుంచి 6 నుంచి 8 అంగుళాలు వెనక్కి ఉండాలి. అంత ఖచ్చితంగా ఎందుకంటే, అక్కడ పోస్ట్‌మ్యాన్ బండి దిగకుండా కిటికీలోంచి చెయ్యి చాపి వేస్తారు. ఆయన నడిచి వస్తారా, సైకిల్ మీదా, బండిలోనా అన్నదాన్ని బట్టి ఎత్తు మారుతుందన్న మాట. మీ ప్రాంతంలో పోస్టాఫీసుకు సొంత నిబంధనలు ఉండొచ్చు. గోడకు కన్నాలు పడకముందే అక్కడ ఒక మాట అడగండి. అంతకన్నా సులువు, మీ ఇంటికి వచ్చే పోస్ట్‌మ్యాన్‌నే ఆపి ‘మీకు ఎక్కడ పెడితే వీలు?’ అని అడగడం. ఆయన చూపించిన చోట గోడ మీద సుద్దతో గీత గీయండి.

ఆ గీత దగ్గర మామగారిని కూడా ఒకసారి నిలబెట్టండి. వేసేవారి వీలు ఎంత ముఖ్యమో, తీసేవారి వీలూ అంతే. తలుపు తెరిస్తే లోపలి అడుగు కంటికి కనిపించాలి. కనిపించకపోతే అడుగున పడిన పోస్ట్‌కార్డు నెలల తరబడి అక్కడే ఉంటుంది. డబ్బా తలుపు కిందికి తెరుచుకునేదైతే తెరవగానే ఉత్తరాలన్నీ కాళ్ల మీద పడతాయి. కాబట్టి కింద రెండు మూడు సెంటీమీటర్ల గట్టు ఉందో లేదో చూసుకోండి. పక్కకు తెరుచుకునేదైతే ఎటు తెరుచుకుంటుందో, గేటు రెక్కకు తగులుతుందేమో చూసుకోండి. ఇవి కాగితం మీద చిల్లర విషయాలు, వాడకంలో రోజూ విసిగించేవి.

మీ ఇంటికి గేటు పక్కన గోడ గానీ స్తంభం గానీ ఉంటే, నా ఓటు గోడలోంచి ఇటూ అటూ ఉండే డబ్బాకే. నోరు వీధి వైపు, తలుపు ఇంటి వైపు. పోస్ట్‌మ్యాన్ గేటు తీయనక్కర్లేదు, కుక్క ఉంటే దానితో పేచీ లేదు. మీరు వీధిలో నిలబడి తాళంతో కుస్తీ పట్టనక్కర్లేదు. బయటికి కనిపించేది ఒక పలక మాత్రమే కాబట్టి మీ అమ్మాయి కూడా అభ్యంతరం చెప్పకపోవచ్చు. ఇలాంటివి కొన్ని గోడ మందానికి తగ్గట్టు లోపలికి బయటికి జరిగే గొట్టంలా వస్తాయి. గోడ మందం, పైన వేసిన సిమెంటు పూతతో కలిపి కొలుచుకుని వెళ్లండి.

ఇప్పుడు వాన సంగతి. మీ కవరు ఎలా తడిసిందో కనిపెట్టకుండా కొత్తది కొంటే అదే కథ మళ్లీ మొదలవుతుంది. నీళ్లు డబ్బాలోకి నాలుగు దారుల్లో వస్తాయి. ఒకటి నోరు. దాని మీద చూరులా ముందుకు వచ్చిన అంచు గానీ, తనంతట తానే పడిపోయే మూత గానీ లేకపోతే గాలివాన నేరుగా లోపలికి కొడుతుంది. రెండోది పైకప్పు అతుకు. రెండు రేకులు కలిసేచోట సన్నని గీతలా ఉంటే నీళ్లు ఆ గీత వెంట లోపలికి పాకుతాయి. పై రేకు కింది రేకును దాటి కిందికి వంగి ఉంటే పాకవు. మూడోది వెనక గోడ. గోడ మీద జారే నీరు స్క్రూ కన్నాల్లోంచి లోపలికి దిగుతుంది, దీన్ని ఎవరూ అనుమానించరు. నాలుగోది బయటి నుంచి వచ్చేదే కాదు. పగలు వేడెక్కిన ఇనుప డబ్బా రాత్రి చల్లబడితే లోపలి గాలిలోని తేమే చెమటలా రేకుకు పడుతుంది. గాలి ఆడని డబ్బాల్లో ఇది ఎక్కువ.

కాబట్టి ఒక్క చుక్క రాని డబ్బా కోసం వెతకడం కన్నా, వచ్చిన చుక్క నిలవని డబ్బా కోసం వెతకండి. అడుగున చిన్న కన్నాలు ఉండాలి. ఉత్తరాలు ఆ అడుగుకు నేరుగా ఆనకుండా ఒక జాలీయో, రబ్బరు షీటో, లేదా అడుగు రేకుకే కొన్ని గాడులైనా ఉండాలి. పైకప్పు బల్లపరుపుగా ఉండకూడదు, ముందుకో పక్కకో వాలు ఉండాలి. అమెరికా డబ్బాలు అర్ధచంద్రాకారపు పైకప్పుతో సొరంగంలా ఉండడం బొమ్మల్లో చూసే ఉంటారు. ఆ నమూనాను 1915లో అక్కడి తపాలా శాఖ ఇంజినీరు రాయ్ జోరోల్‌మన్ గీశారు. వందేళ్లు దాటినా ఇంకా అమ్ముడుపోతోంది. ఆ గుండ్రని కప్పు మీద నీళ్లు నిలిచే చోటే లేదు మరి. దాని పక్కన ఉండే ఎర్ర జెండా చూసి మాత్రం ముచ్చటపడకండి. ఇంట్లోవాళ్లు పంపాల్సిన ఉత్తరం లోపల ఉంది, తీసుకెళ్లండి అని పోస్ట్‌మ్యాన్‌కు చెప్పడానికి అది. మీ దగ్గర ఇంటి నుంచి ఉత్తరాలు తీసుకెళ్లే పద్ధతి లేకపోతే అది ఉత్త అలంకారం.

డబ్బా బిగించాక పరీక్ష చేయడం తేలిక. లోపల పొడి వార్తాపత్రిక పరిచి, పైపుతో అయిదు నిమిషాలు అన్ని వైపుల నుంచీ నీళ్లు చల్లి, తెరిచి చూడండి. తడి మచ్చ ఎక్కడుందో చూస్తే దారి దొరుకుతుంది. పాత రేకు డబ్బాతో కూడా ఇదే చేయండి. బహుశా మీకు కావలసింది కొత్త డబ్బా కాదేమో, వెనక కన్నాలకు రెండు రబ్బరు వాషర్లేమో. అయినా నోరు చిన్నది కాబట్టి కొత్తది తప్పదనుకోండి.

లోహం దగ్గరికి వద్దాం. మీవారు స్టీలు అన్నారు. ఆ మాట కింద చాలా రకాలున్నాయి, అమ్మేవాళ్లు అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. మామూలు ఉక్కు రేకుకు రంగు వేసింది అన్నిటికన్నా బలహీనం. గీత పడిన చోట తుప్పు మొదలై రంగు కిందనే పాకుతుంది. అదే రేకుకు జింకు పూత ఉండి, దాని మీద పౌడర్ కోటింగ్ ఉంటే వేరే సంగతి. పౌడర్ కోటింగ్ అంటే పొడి రంగును చల్లి, వేడి కొలిమిలో కరిగించి పట్టించడం. బ్రష్షు రంగుకన్నా గట్టిగా ఉంటుంది. అది గీసుకుపోయినా కింద ఉన్న జింకు ముందు తాను తినబడుతూ ఉక్కును కాపాడుతుంది. రేకు మందం గేజిలో చెబుతారు, ఇక్కడ చాలామంది తికమకపడతారు. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచన. 20 గేజి ఉక్కు సుమారు 0.9 మిల్లీమీటరు, 18 గేజి 1.2, 16 గేజి 1.5. ఇంటి డబ్బాకు 18 చాలు. బొటనవేలితో తలుపు మధ్యలో నొక్కితే టప్ మని లోపలికి పోయి బయటికి వస్తే అది పలచన రేకు, వదిలేయండి.

స్టెయిన్‌లెస్ స్టీలు అన్నప్పుడు రకం అంకె అడగండి. 304 రకం సాధారణంగా బయట వాడకానికి సరిపోతుంది. సముద్రం దగ్గర ఇల్లయితే ఉప్పుగాలికి 304 మీద కూడా టీ మరకల్లాంటి మచ్చలు వస్తాయి. అక్కడ మాలిబ్డినం అనే లోహం కలిపిన 316 నయం. 430 రకం చవక, వంటింట్లో బాగానే ఉంటుంది గానీ వానలో వదిలేస్తే తొందరగా మచ్చలు పడుతుంది. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. 430కి గట్టిగా అంటుకుంటుంది. 304, 316లకు అంటుకోదు, మహా అయితే వంపు తిప్పిన అంచుల దగ్గర కాస్త లాగినట్టు ఉంటుంది. అయితే ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది. నికెల్ తగ్గించి చేసే 201 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు, తుప్పు విషయంలో అది 304కు సాటిరాదు. అంటే అయస్కాంతం ‘ఇది కాదు’ అని చెప్పగలదు, ‘ఇదే’ అని చెప్పలేదు. అందుకే రకం అంకె బిల్లు మీద రాయించుకోండి.

అల్యూమినియానికి ఎర్రతుప్పు పట్టదు, తేలిక, సముద్రం ఒడ్డున కూడా పౌడర్ కోటింగ్‌తో బాగానే నిలుస్తుంది. దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, దొంగ స్క్రూడ్రైవర్‌తో వంచడం కూడా సులువే. ప్లాస్టిక్ డబ్బా నీడలో ఏళ్ల తరబడి ఉంటుంది, ఎండలో పెడితే రంగు వెలిసి, పెళుసెక్కి, ఒకరోజు మూత చేతికి వస్తుంది. ఎండను తట్టుకునే మందు కలిపిన ప్లాస్టిక్ వేరే ఉంటుంది గానీ, మీకు దాని అవసరం కనిపించడం లేదు.

మీ అమ్మాయి చెక్క ముచ్చట నాకు అర్థమైంది, నాదీ ఒకప్పుడు అదే ముచ్చట కదా. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. ఉబ్బినప్పుడు తలుపు బిగుసుకుపోతుంది, కుదించుకున్నప్పుడు సందులు పడతాయి. టేకులాంటి గట్టి చెక్కతో, పైన బాగా చూరు ఉన్న వరండాలో పెట్టి, ఏడాదికోసారి నూనె పట్టిస్తే ఉంటుంది. ఏడాదికోసారి ఎవరు పట్టిస్తారన్నది ఆమెనే అడగండి. లేదంటే లోపల లోహపు డబ్బా, బయట చెక్క తొడుగు. ఇది రాజీ బేరమే గానీ మంచి రాజీ.

తాళం సంగతి. తాళం ఉండాలి, ఈ విషయంలో మీవారితో నాకు పేచీ లేదు. ఉత్తరాల డబ్బాలో డబ్బు ఉండదు నిజమే, కానీ చెక్కుబుక్కు ఉంటుంది, కార్డు ఉంటుంది, మీ పేరు, చిరునామా, ఖాతా నంబరు ఒకేచోట ఉన్న కాగితాలు ఉంటాయి. అవి చాలు ఇంకొకరు మీ పేరు మీద తిరగడానికి. అయితే తాళం తలుపును కాపాడుతుంది, నోటిని కాపాడదు. నోట్లోంచి వంచిన తీగతోనో, జిగురు పూసిన పుల్లతోనో కవర్లు పైకి లాగేవాళ్లున్నారు. దీనికి విరుగుడు నోటి వెనక లోపలి వైపు వాలుగా బిగించిన ఒక రేకు. కవరు దాని మీదుగా జారి కిందికి పడుతుంది, తిరిగి పైకి రావాలంటే ఆ రేకు అడ్డం తగులుతుంది. నోట్లో రెండు వేళ్లు పెట్టి చూడండి. అడుగున ఉన్న కవరు తగిలిందంటే ఆ డబ్బాకు తాళం ఉన్నా లేనట్టే.

తాళం విడిగా ఊడదీసి మార్చుకునే రకమైతే మంచిది. తాళంచెవి పోతే డబ్బా పగలగొట్టే పని ఉండదు. తాళంచెవి మీద అంకె ఉంటే రాసి పెట్టుకోండి. బిగుసుకున్నప్పుడు నూనె పోయకండి. నూనెకు దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. గ్రాఫైట్ పొడి వేయండి. నోటికి మూత ఉన్న చోట స్ప్రింగు మరీ గట్టిగా ఉండకూడదు, పోస్ట్‌మ్యాన్ వేళ్లు పట్టేస్తుంది. అంచులు రుద్ది నున్నగా చేసినవేనా అని వేలు నెమ్మదిగా నడిపి చూడండి. కోసుకునేలా ఉన్న డబ్బాలు నిజంగానే అమ్ముతున్నారు.

మామగారి సలహాను తేలిగ్గా తీసేయడానికి లేదు. తలుపు సందుకు మంచి చరిత్ర ఉంది. 1840కి ముందు బ్రిటన్‌లో ఉత్తరానికి డబ్బు ఎక్కువగా అందుకున్నవాళ్లే కట్టేవారు. అందుకని పోస్ట్‌మ్యాన్ తలుపు కొట్టి, ఎవరో ఒకరు వచ్చి డబ్బు ఇచ్చేదాకా గుమ్మంలో నిలబడాల్సి వచ్చేది. రోలండ్ హిల్ అనే ఆయన ప్రతిపాదించిన తపాలా సంస్కరణలతో ఆ ఏడాది పెన్నీ స్టాంపు వచ్చింది, పంపేవారే ముందుగా కట్టడం మొదలైంది. ఇక నిలబడే పని లేదు, తలుపులో ఒక సందు ఉంటే చాలు. అమెరికాలో అయితే 1923 మార్చి 1 నుంచి నగరాల్లో ఇంటికి ఉత్తరాలు అందాలంటే డబ్బా గానీ తలుపు సందు గానీ ఉండి తీరాలన్నారు. తలుపు దగ్గర ఎదురుచూసే సమయం అంతగా వృథా అవుతుండేది.

సందులో సుఖం ఏమిటంటే ఉత్తరం నేరుగా ఇంట్లోకి వస్తుంది. తడవదు, ఎవరూ ఎత్తుకుపోరు, తాళంచెవి అక్కర్లేదు. కానీ మీ ఇంటికి గేటు ఉంది. పోస్ట్‌మ్యాన్ గేటు తీసి తలుపు దాకా రావాలి, మీరు లేనప్పుడు గేటుకు తాళం ఉంటే సందు దండగ. అదీకాక సందులోంచి చెయ్యి పెడితే లోపలి గడియ అందకూడదు. తలుపు అడుగున పెడితే నడుం వంచాలి. గాలి, దోమ, పురుగు రాకుండా లోపల బ్రష్షు అంచో, రెండో మూతో ఉండాలి. తలుపుకు ఒకసారి కన్నం పడ్డాక మనసు మారినా పూడ్చలేరు. ఇవన్నీ మామగారితో చెప్పి, ఆయనకు కావలసింది వానలో నడవకుండా ఉండడమే కదా అని అడగండి. గోడలోంచి ఉండే డబ్బా తలుపు మీద చిన్న రేకు పందిరి వేయిస్తే ఆయన గొడుగు సమస్య చాలావరకు తీరుతుంది.

పార్సిల్ విషయంలో మాత్రం మీతో నాకు కొంచెం తేడా ఉంది. ఉత్తరాలకూ పార్సిళ్లకూ ఒకే డబ్బా అనే ఆలోచన వినడానికి బాగుంటుంది, వాడకంలో రెండింటికీ చెడుతుంది. ఉత్తరానికి నోరు సన్నగా ఉండాలి. పార్సిల్‌కు పెద్దగా ఉండాలి. పెద్ద నోరు పెట్టి దొంగను ఆపాలంటే లోపల తిరిగే పీపా లాంటి ఏర్పాటు కావాలి. అంటే మూత తెరిస్తే ఒక అర కనిపిస్తుంది, అందులో పార్సిల్ పెట్టి మూస్తే ఆ అర తిరిగి కిందికి వదిలేస్తుంది, మళ్లీ తెరిస్తే ఖాళీ అర మాత్రమే కనిపిస్తుంది. బాగా చేసినవి బాగానే పనిచేస్తాయి. కానీ ఆ తిరిగే భాగం చాలా చోటు తింటుంది. బయటికి బీరువాలా కనిపించే డబ్బాలో పట్టే పార్సిల్ చెప్పుల పెట్టెకు మించకపోవచ్చు. కొనేముందు ‘ఒకేసారి వేయగల పెద్ద పార్సిల్ కొలత ఎంత?’ అని అడగండి, డబ్బా కొలత కాదు.

ఇంకో మాట. పోస్ట్‌మ్యాన్ ఒకరు, పార్సిళ్లు తెచ్చేవాళ్లు చాలామంది. రోజుకో కొత్త మనిషి. ఆ డబ్బా ఎలా తెరవాలో ప్రతివారికీ తెలియదు, పైన స్పష్టంగా ‘పార్సిల్ ఇక్కడ’ అని రాసి ఉండాలి. నంబరు కొట్టి తెరిచే తాళాలూ ఉన్నాయి. కొనేటప్పుడు నంబరు ఇచ్చేస్తే వచ్చినవాళ్లు తెరిచి పెట్టిపోతారు, కానీ ఆ నంబరు ఎంతమందికి తెలిసిపోతుందో ఆలోచించుకోండి. బ్యాటరీతో నడిచేదైతే బ్యాటరీ అయిపోయిన రోజు తెరవడానికి మామూలు తాళంచెవి కూడా ఉండాలి. వీటన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. గత మూడు నెలల్లో ఎవరూ లేనప్పుడు ఎన్ని పార్సిళ్లు వచ్చాయో లెక్కపెట్టండి. రెండో మూడో అయితే పక్కింటివారికి చెప్పి ఉంచడం చాలు. ఇరవై అయితే పార్సిల్ పెట్టె విడిగా, గేటు లోపల, నేలకు బోల్టులతో బిగించి పెట్టించుకోండి. ఉట్టినే పెడితే పార్సిల్‌తో పాటు పెట్టె కూడా పోతుంది.

బిగించడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, పనివాడికి తెలుసు. రెండే గమనించండి. స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడమనండి. డబ్బా బాగున్నా మామూలు ఇనుప స్క్రూల నుంచి తుప్పు చారలు గోడ మీదికి దిగుతాయి. అల్యూమినియం డబ్బా అయితే స్క్రూకూ రేకుకూ మధ్య నైలాన్ లేదా రబ్బరు వాషరు ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీలూ అల్యూమినియమూ తడిలో ఆనుకుని ఉంటే అల్యూమినియం ముందు తినుకుపోతుంది. ఇక డబ్బా ఎదురెండలో పడకుండా చూసుకోగలిగితే ఇంకా మంచిది. నల్లరంగు రేకు డబ్బా మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది, లోపల మందుల పార్సిలో, సౌందర్య సామగ్రో ఉంటే చెప్పనక్కర్లేదు.

పురుగుల గురించి ఎవరూ అడగరు గానీ నేను చెబుతాను. చీకటిగా, పొడిగా, ఎవరూ కదిలించని చోటు కందిరీగలకు మహా ఇష్టం. వారం ఊళ్లో లేకపోతే వచ్చేసరికి లోపల గూడు ఉండొచ్చు. నత్తలు కాగితం తింటాయంటే నేనూ మొదట నమ్మలేదు, కవరు అంచు కొరికిన గుర్తులు, మెరిసే జిగురు చార చూశాక నమ్మాను. నీళ్లు పోయే కన్నాలకు లోపలి నుంచి సన్నని స్టీలు జాలీ అంటించండి. నెలకోసారి పొడిగుడ్డతో తుడవండి.

ఇంతకీ మీరు ఏది కొనాలి? మీ గేటు పక్క గోడకు, వీధి వైపు నోరు, ఇంటి వైపు తాళం ఉన్న తలుపు, నోరు 33 సెంటీమీటర్లకు తగ్గకుండా, లోపల వాలు రేకు, జింకు పూత మీద పౌడర్ కోటింగ్ ఉన్న 18 గేజి డబ్బా. మీవారు స్టెయిన్‌లెస్ స్టీలే కావాలని పట్టుబడితే 304 అని బిల్లు మీద ఉన్నది, నాకు అభ్యంతరం లేదు. చుట్టూ చెక్క చట్రం, దాని మీద ఇంటి నంబరు మీ అమ్మాయికి అప్పగించండి. అంకెలు మాత్రం రోడ్డు మీద నిలబడితే కనిపించేంత పెద్దవిగా, చెక్క రంగుకు భిన్నమైన రంగులో ఉండాలని షరతు పెట్టండి. పార్సిల్ పెట్టె సంగతి ఆ మూడు నెలల లెక్క తేలాక చూసుకోవచ్చు.

కొత్తది బిగించిన రోజే పాత రేకు డబ్బాను గేటు నుంచి ఊడదీయించండి. ‘ఉండనివ్వండి, దేనికైనా పనికొస్తుంది’ అని మామగారు అనొచ్చు. రెండూ ఉంటే, సెలవు మీద వెళ్లిన పోస్ట్‌మ్యాన్ స్థానంలో వచ్చిన కొత్తాయన తప్పకుండా పాతదాంట్లోనే వేస్తారు, మీరు దాన్ని తెరిచి చూడనే చూడరు.